ముప్ఫై ఒకటి

షట్టరు సగం లేచేసరికే
కిందనుంచి వంగి లోపలికొస్తుంది ఇలోనా వార్గా.
టొలీడోలో మార్చి నెల. బూట్లకు మంచు బురద,
చంకలో బిస్కట్ల రేకుడబ్బా.
"కొత్తగా ఏమైనా వచ్చాయా డెల్బర్ట్?"
కొత్తవి ఆవిడకి అక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.

జట్టు ఒక మనిషిని గొప్పవాడని తేల్చుకున్నాక
అతని అంకెను ఇంకెవరి వీపుకీ ఇవ్వదు.
బ్యాండు మోగిస్తారు,
వాళ్ళమ్మను తెచ్చి గడ్డి మీద కుర్చీ వేస్తారు,
అంకెను గోడకెక్కిస్తారు.
ఆ సాయంత్రమే నా గాజు బీరువాలో
అతని కార్డు ఒక అర పైకి జరుగుతుంది.

అలాంటివాళ్ళనే ఏరి దాచుకునేవాళ్ళు
నా కొట్టుకి చాలామందే వస్తారు.
ఇలోనా అడిగేదీ అలాంటి అంకే.
హెరాన్స్ జట్టు, ముప్ఫై ఒకటి.
మొదటిసారి లూషస్ బ్రాంట్లీని తీసి చూపిస్తే
వేలి కొసతో పక్కకు నెట్టింది.
"ఇతన్ని లోకం చూసుకుంటుందిలే.
ఇతనికి ముందు తొడిగినవాళ్ళు కావాలి నాకు."

లెక్కలోకి రానివాళ్ళు.
మా వ్యాపారంలో వాళ్ళని
చెప్పుల పెట్టెలో పోసి డాలరుకి పది అమ్ముతాం.

ఇరవై ఆరేళ్ళు ఆ జట్టుకి చొక్కాలు కుట్టిందట,
స్టేడియం అడుగున, బాయిలరు గది పక్కన.
"మూడు ఉంది చూశావూ, వట్టి పేచీకోరు.
రెండు పొట్టలు. ప్రతి మలుపులోనూ
సూది ఆపి, గుడ్డ తిప్పి, మళ్ళీ దించాలి.
ఒకటి బుద్ధిమంతుడు. నిలువునా దిగిపోతాడు."

మేలో ఒకడొచ్చేవాడు, జూన్‌లో పంపేసేవాళ్ళు.
చొక్కా తిరిగొచ్చేది, మెడపట్టీకి పొగాకు వాసనతో.
అంకె జోలికి పోనక్కర్లేదు.
పేరు మాత్రం, ఒక్కో అక్షరం, ఒక్కో కుట్టు,
పళ్ళు బిగబట్టి విప్పేది.

చెప్పుల పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంటుంది.
ఎర్ల్ ఫెంటన్ దొరికాడు, తొమ్మిది ఆటలవాడు.
ఫొటోలో కళ్ళు మూసుకున్నాడు,
ఇంకోటి తీసే ఓపిక ఎవరికీ లేకపోయింది.
మరో శనివారం నెస్టర్ కిన్యోనెస్.
కార్డు మీద పేరు తప్పు అచ్చేశారు.
"నేను సరిగ్గానే కుట్టాను" అంది, నేనేదో అన్నట్టు.

వెండెల్ ష్రోడ్ ఎంతకీ దొరకలేదు.
పాత జాబితాలన్నీ తిరగేశాను.
పది రోజులు ఆడినవాడికి
అసలు కార్డే వెయ్యలేదు.
ఆ మాట చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ఆవిడ తల ఊపి రేకుడబ్బా తెరిచింది.
కార్డంత గుడ్డముక్క. ఒకప్పుడు తెలుపు.
"గోడ మీద వేలాడేది ఎవరూ తొడిగింది కాదు,
ఆ వేడుకకని నాతో కొత్తగా కుట్టించారు.
పాతది పారెయ్యమన్నారు."
పారేసే ముందు, వీపు మీద పేరుండే చోటు కత్తిరించుకుందట.

"వెలుతురుకి పట్టు."
పట్టాను. అన్నీ సూది బెజ్జాలు,
ఒక పేరు మీద ఇంకో పేరు,
చీమలు దారి తప్పినట్టు.
నాకు ఒక్క అక్షరమూ తెలియలేదు.
ఆవిడ గోరుతో దారి చూపించింది:
ఇది ష్రోడ్ తోక. ఇక్కడ ఫెంటన్ మొదలు.
"మరి ఈ పెద్ద బెజ్జాలు?"
"బ్రాంట్లీవి. అప్పటికి నా చూపు మందగించింది,
లావు దారం ఎక్కించేదాన్ని."

ప్లాస్టిక్ కవరు ఒకటి అడిగింది.
గుడ్డను అందులోకి జారవిడిచి
అంచు అరచేత్తో ఒత్తింది.
పావు డాలరు వద్దంటే వినకుండా
కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయింది.

తాళం వేసిన అద్దం వెనక
లూషస్ బ్రాంట్లీ బ్యాటు ఎత్తి నిలబడే ఉన్నాడు.
పద్నాలుగేళ్ళుగా రోజూ తుడుస్తున్నాను ఆ అద్దాన్ని.
అతని వీపు ఎన్నడూ చూడలేదు.